మిట్టవీధికి నీళ్ళెక్కవన్నారు

మా అత్తగారి వీధి పేరు మిట్టవీధి. ఆ పేరు నమ్మి మోసపోయినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. అందుకే ముందే చెప్పేస్తున్నాను, ఇందులో తెలివిగలవాళ్ళెవరూ లేరు, నాతో సహా.

సంబంధం ఖాయం చేసుకునే ముందు మా నాయన వాళ్ళ ఇల్లు చూడటానికి వెళ్ళాడు. అప్పుడు మా అత్త ఆయనతో అన్న మొదటి మాట, "మాది మిట్టప్పా. ఎంత వాన కొట్టినా నీళ్ళు మా గడప తొక్కవు." కొడుకు తిరుపతిలో ఒక లాడ్జిలో పని చేస్తున్నాడన్న సంగతి కూడా ఆ తర్వాతే వచ్చిందట. ఆ వీధిలో అందరికీ అదే గొప్ప. సెంటు భూమి లేకపోయినా, గోడలు బీటలు వారినా, మిట్ట మీద ఉన్నామన్న ఒక్క మాటతో కడుపు నింపుకునేవాళ్ళు. పిల్లనిచ్చేటప్పుడూ ఆ మాటే, పిల్లను తెచ్చుకునేటప్పుడూ ఆ మాటే. మా నాయన ఆ రోజు వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకసారి చూసి, ఏమీ అనకుండా వక్క నోట్లో వేసుకుని వచ్చేశాడు.

నాయన తాపీ మేస్త్రీ. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగిపోయాక, పెళ్ళయ్యేదాకా నేను ఆయన వెంట పనికి పోయాను. ఇటుకలందించాను, సున్నం కలిపాను, పునాదికి మట్టం చూసేటప్పుడు నీళ్ళ ట్యూబు రెండో కొస పట్టుకున్నాను. ఆడపిల్లకు ఈ పనులేంది అని ఎవరైనా అంటే నాయన, "దాని సెయ్యి వణకదబ్బా," అని ఊరుకునేవాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత మా ఊళ్ళో చాలామంది, ఎనిమిది చదివిన ఆడది మట్టాల గురించి మాట్లాడుతోందని నవ్వారు. నవ్వితే నవ్వారు. నాకు లెక్కలు రాకపోవచ్చు గానీ మట్టం చూడటం వచ్చు.

డెబ్బైల చివర్లో నేను కాపురానికి వచ్చాను. మా ఊరు చిత్తూరు నుంచి బస్సులో గంట దూరం. బస్సు దిగగానే బజారువీధి. కాఫీ హోటలు, రెండు అంగళ్ళు, పంచాయతీ ఆఫీసు, ప్రెసిడెంటు మిద్దె అన్నీ అక్కడే. బజారువీధి చివర మలుపు తిరిగితే మా మిట్టవీధి, ఇరవై ఇళ్ళుంటాయి. బజారులో వాడిన నీళ్ళన్నీ, హోటలు గిన్నెలు కడిగినవి, స్నానాలు చేసినవి, గుడ్డలుతికినవి, ఒక మట్టికాలువలో పడి, మలుపు తిరిగి, మా వీధిలోకి వచ్చి, సరిగ్గా మా ఇంటి ముందు నిలిచిపోయేవి. అక్కడి నుంచి ముందుకు కాలువ తవ్వించినవాడు లేడు. బజారులో కొందరు కొత్తగా కక్కసులు కట్టించుకుని, వాటి గొట్టాలు కూడా ఆ కాలువలోకే వదిలాక ఇంక చెప్పక్కరలేదు. మా అత్త రోజూ పొద్దున్నే ఆ మురుగుగుంటకు ఇవతల కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టి లోపలికి వచ్చేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "అత్తా, మనది మిట్టయితే ఈ నీళ్ళు మన కాడికి ఎట్ల వస్తాండాయి?"

"కాలవ తవ్వినారు గాబట్టి వస్తాండాయి. తవ్వితే యాడికైనా వస్తాయి."

"నీళ్ళు పల్లమెరుగు అంటారు గదత్తా."

"నిజం దేవుడెరుగు అని గూడా అంటారు. పోయి పొయ్యి సూడుపో," అంది అత్త.

సరేలెమ్మని పోయి పొయ్యి చూశాను. కొన్నేళ్ళపాటు పొయ్యే చూశాను.

తర్వాత పంచాయతీవాళ్ళు బస్టాండు పక్కన నీళ్ళ ట్యాంకు కట్టారు. బోరు వేసి మోటారు పెట్టారు. వీధివీధికీ కొళాయి వస్తుందని దండోరా వేయించారు. ఏ వీధికి ఎన్ని పైపులు కావాలో రాసుకోవడానికి ఒక ఓవర్సీరు వచ్చాడు. మంచి ఎండ. ఆయన ప్రెసిడెంటు ఇంట్లో మజ్జిగ తాగి, మా వీధి మలుపు దాకా వచ్చి, గొడుగు కిందే నిలబడి అడిగాడు.

"ఈ వీధి పేరేమిటి?"

"మిట్టవీధి సార్," అన్నారు మావాళ్ళు ఒక్క గొంతుతో.

"నిజంగా మిట్టేనా, పేరేనా?"

మా అత్త అందరినీ తోసుకుని ముందుకొచ్చింది. "అదేం మాట సార్. మా మామ వాళ్ళ తాత కాలం నుంచి ఇది మిట్టే. ఊరంతా మునిగినా మా వీది మునగదు."

ఓవర్సీరు కాగితం మీద ఏదో రాసుకుని, పక్కనున్న గుమాస్తాతో, "ఎగువ ప్రాంతం, నీళ్ళెక్కవు. ఈ వీధి తీసెయ్," అన్నాడు. ఆ మాట మావాళ్ళకు అర్థమయ్యేలోపు ఆయన జీపు ఎక్కేశాడు.

నాకు అర్థమైంది. తొమ్మిది నెలల కూతుర్ని చంకలో వేసుకుని అక్కడే నిలబడి ఉన్నాను. పదిమందిలో అత్త మాటకు ఎదురు చెబితే ఏం బాగుంటుందని నోరు మూసుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ రోజు గుర్తొస్తే నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

బజారువీధికి కొళాయి వచ్చింది. ఇంకో రెండు వీధులకూ వచ్చింది. మేము మాత్రం మా వీధి చివరనున్న చేదబావి నీళ్ళే తాగుతూ వచ్చాం. ఆ బావికీ మా ఇంటి ముందున్న మురుగుగుంటకూ మధ్య ఇరవై అడుగులు కూడా లేదు. ఆ ఏడు వానలు పడ్డాక బావి నీళ్ళకు ఒక రకమైన వాసన వచ్చింది. ఆకులు కుళ్ళాయి అనుకున్నారు అందరూ. నేనూ అలాగే అనుకుని తాగాను, బిడ్డకూ తాగించాను.

బిడ్డకు బేదులు పట్టుకున్నాయి. రెండు రోజుల్లో కళ్ళు లోపలికి పోయాయి. ఏడవడానికి కూడా ఓపిక లేక నోరు తెరిచి మూసేది, శబ్దం వచ్చేది కాదు. మా ఆయన తిరుపతిలో ఉన్నాడు, కబురు పెట్టే టైం లేదు. నేనూ మా అత్తా బిడ్డను ఎత్తుకుని చిత్తూరు పెద్దాసుపత్రికి పోయాం. సెలైను ఎక్కించారు. కబురంది మా ఆయన రెండోరోజుకు వచ్చాడు. మూడోరోజుకు బిడ్డ గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను నవ్వాను, పక్క మంచం మీదున్నామె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

అక్కడి డాక్టరమ్మ ఏ నీళ్ళు తాగుతున్నారని అడిగింది. బావి నీళ్ళని చెప్పాను. ఆమె కాగితం రాస్తూ తల ఎత్తకుండానే అంది, "ఆ నీళ్ళు ఈ పిల్లకు ఇంక ఒక్క చెంచా కూడా పట్టొద్దు. ఇంకోసారి ఇట్లా అయితే ఇక్కడిదాకా తీసుకొచ్చే టైం కూడా ఉండదు."

అంతే. ఆ రోజు నుంచి నాకు లోకంలో వేరే పని లేదు. బిడ్డకు మంచినీళ్ళు కావాలి.

రోజూ బిందె చంకన పెట్టుకుని బజారువీధి కొళాయికి పోయేదాన్ని. పొద్దున గంటసేపు వదిలేవాళ్ళు. ముందు బజారువాళ్ళ బిందెలు నిండాలి, తర్వాత పక్క వీధులవాళ్ళవి, ఆఖరున మావి. మా వంతు వచ్చేసరికి చాలాసార్లు కొళాయి బుస్సుమని ఆగిపోయేది. ప్రెసిడెంటు భార్య నన్ను చూసి, "పాపం, మిట్ట మీద నుంచి దిగొచ్చినారు, మళ్ళా ఎక్కి పోవాల గదా," అని ఎగతాళి చేసేది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నీళ్ళు దొరకని రోజు బావి నీళ్ళే తెర్లకాచి, చల్లార్చి, చేతులు వణుకుతుంటే బిడ్డకు పట్టేదాన్ని. వణకని చెయ్యి అని మా నాయన చెప్పుకునే చెయ్యే అది.

ఒకరోజు నా కళ్ళ ముందే బజారు కొళాయి కింద ఎవరిదో బిందె నిండి పొర్లింది. ఆ నీళ్ళు నా కాళ్ళ పక్క నుంచి కాలువలో పడ్డాయి. నేను ఖాళీ బిందెతో ఇంటికి బయల్దేరాను. నీళ్ళూ నా వెంటే వచ్చాయి. మలుపు తిరిగాను, అవీ తిరిగాయి. మా ఇంటి ముందు నేను ఆగాను, అవీ ఆగాయి. నేను తల మీద కొంగు తీసి ఆ గుంట పక్కనే కూర్చుండిపోయాను. మంచినీళ్ళకు మా వీధి మిట్ట. మురుగునీళ్ళకు మాత్రం పల్లం. ఇంతకంటే అన్యాయం ఎక్కడన్నా ఉంటుందా? కాలువలో పడిన నీళ్ళకు ఎవరు మోటారు పెట్టి తోస్తున్నారు?

ఆ సాయంత్రం అత్తతో మాట కలిపాను. ఈ ఇంటి గోడలు ఇంత మందం ఉన్నాయే, మట్టి యాడ నుంచి తెచ్చినారని అడిగాను.

"యాడి నుంచో తేవాల్సిన కర్మేంది? ఈ వీదిదే. మా మామ కాలంలో అందరూ ఈడే తవ్వి గోడలు పెట్టినారు, మిద్దెల పైన పోసినారు. మా మిట్ట మట్టి అంత గట్టిది," అంది అత్త గొప్పగా.

నాకు సంగతంతా తెలిసిపోయింది. మావాళ్ళు మిట్టను తవ్వి గోడలు పెట్టుకున్నారు. బజారువాళ్ళు ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా రోడ్డు మీద కంకర, మట్టి పోయించుకున్నారు. మేము దిగుతూ పోయాం, వాళ్ళు ఎక్కుతూ పోయారు. పేరు మాత్రం ఎవరూ మార్చలేదు. ఈ మాటే అత్తకు చెప్పాను. ఆమె చేతిలో సంగటి గరిటె అలాగే ఆగిపోయింది.

"మా ఇంట్లో అన్నం తింటా మా మిట్టను పల్లమంటావా?" అని లేచి పోయింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది. నేను చెయ్యి చాపితే బిడ్డను మాత్రం ఇచ్చేది.

అప్పటికి పంచాయతీ ఆఫీసు ముందు కొన్ని పైపులు మిగిలి ఉన్నాయి. వాటిని ప్రెసిడెంటు మామిడితోట వైపు వేస్తారనీ, సోమవారం ఓవర్సీరు వచ్చి ఆ పని పెట్టించి, ఊరి పని అయిపోయిందని రాసేసి పోతాడనీ హోటలు దగ్గర అనుకుంటుంటే విన్నాను. ఆ పైపులు తోటలోకి పోతే మా వీధికి ఇంక ఎప్పుడూ కొళాయి రాదు. బిందె ఇంట్లో దింపి నేరుగా ఆఫీసుకు పోయాను.

"మామా, మాది మిట్ట కాదు. మీ కొళాయి కన్నా పల్లంలో ఉండాము. ఆ పైపులు మా వీదికి ఎయ్యండి," అన్నాను ప్రెసిడెంటుతో.

ఆయన నవ్వాడు. "ఏం కోడలా, మిట్టని ఓవర్సీరుకు సెప్పింది మీ అత్తే గదా. ఇప్పుడు నువ్వొచ్చి పల్లమంటే మేము ఎవురి మాట వినాల?"

"నీళ్ళ మాట వినండి మామా. మీ కాలవ యాడికి పోతాండాదో పోయి సూడండి."

ఆయన నవ్వు ఆగింది. "సరే. మీ వీదోళ్ళందరూ మాది పల్లమని రాసి, ఏలిముద్రలు ఎయ్యండి. సోమవారం ఆ కాగితం ఓవర్సీరుకు సూపిస్తా," అన్నాడు.

ఆయన తెలిసే అన్నాడు. మా వీధివాళ్ళు ప్రాణమైనా ఇస్తారు గానీ పల్లమని వేలు వెయ్యరని ఊళ్ళో అందరికీ తెలుసు. నేను కాగితం రాసి ఇరవై గడపలూ ఎక్కాను. ఒకాయన, "పల్లమని రాసిస్తే రేపు నా కూతురికి సంబంధం ఎవురు తెస్తారు?" అన్నాడు. ఇంకొకామె, "గుంతలో ఉండేటోళ్ళు అనిపించుకోవాల్నా?" అని తలుపు వేసుకుంది. "నీళ్ళు లేకపోతే లేకపాయె, పేరన్నా ఉండాది గదా," అన్నాడు మరొకాయన, వాకిట్లో మంచం మీద పడుకునే.

"అయితే ఆ పేరే బిందెకు పట్టుకోని తాగండి," అని వీధి మధ్యలో నిలబడి అరిచాను. ఆ ఊళ్ళో ఆడది అలా అరవడం అదే మొదటిసారి అన్నారు తర్వాత. మంచిది, ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా.

మర్నాడు బిడ్డను ఎత్తుకుని మా నాయన దగ్గరికి పోయాను. అంతా చెప్పాను. ఆయన విని, "ఆ పొద్దే సూసినాను మే," అన్నాడు. "మీ వీదిలో పునాది రాళ్ళు బయటపడి ఉండాయి. నేల దిగిపోతే గాని అట్ల బయటపడవు."

"మరి అప్పుడే ఎందుకు సెప్పలేదు నాయనా?"

"పిల్లనిచ్చేదానికి పోయినోడు, మీది మిట్ట గాదప్పా అంటే పెండ్లి అవతాదా?"

నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. అందరూ మర్యాదస్తులే. ఆ మర్యాదకు నా బిడ్డ సెలైను ఎక్కించుకుంది. నాయనను నా వెంట రమ్మన్నాను. ఆయన రానన్నాడు. "నేనొస్తే కూతురి కోసం మేస్త్రీ దొంగ మట్టం పెట్టినాడంటారు. నువ్వే పట్టు. బుడగ లేకుండా సూసుకో. బుడగుంటే మట్టం అబద్దం సెప్తాది," అని లోపలి నుంచి ట్యూబు తెచ్చి నా చేతికిచ్చాడు.

అది అద్దంలా లోపల కనిపించే ప్లాస్టిక్ ట్యూబు, ముప్పై అడుగులుంటుంది. దాన్నిండా నీళ్ళు పోసి, రెండు కొసలూ ఇద్దరు పట్టుకుని ఎంత దూరంలో నిలబడినా, రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. ఒక కొస దగ్గర గీత గీసి, రెండో కొస దగ్గర గీత గీస్తే, ఆ రెండు గీతలూ సరిసమానం. నేల కిందికి పోతూ ఉంటే గీత నేల నుంచి పైకి లేస్తూ పోతుంది. ఇందులో అబద్ధం ఆడటానికి చోటు లేదు.

ఆదివారం పొద్దున మా ఆయన తిరుపతి నుంచి వచ్చాడు. ట్యూబు ఒక కొస పట్టుకోమన్నాను. "బజారులో నలుగురూ సూస్తారు," అన్నాడు. "సూడాలనే," అన్నాను. ఆయన పెద్ద ధైర్యవంతుడు కాడు గానీ ఆసుపత్రిలో బిడ్డను చూసినవాడు. తల వంచుకుని నా వెంట వచ్చాడు.

బజారు కొళాయి వెనక ఉన్న గోడ మీద మొదటి గీత బొగ్గుతో గీశాను. కొళాయి దిమ్మె ఎత్తున, నా మోకాలి కింద పడింది. హోటల్లో కాఫీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకునే బయటికొచ్చారు. ఒకడు, "మేస్త్రీ కూతురు మిట్టను గుంత సేస్తాండాది సూడండప్పా," అన్నాడు. నేను పట్టించుకోలేదు. రెండో గీతకు పోతుండగా మా అత్త వచ్చింది. ఎవరు చెప్పారో, కొంగు నడుముకు దోపుకుని ఆయాసపడుతూ వచ్చింది.

"ఆ కొస ఇట్లియ్యిరా," అని కొడుకు చేతిలోంచి ట్యూబు లాక్కుంది. "మొగుడూ పెండ్లామూ కలిసి వీది పరువు తీస్తాండారు. దీంట్లో ఏం మోసముండాదో నేను సూస్తా."

నాకు భయం వేసింది. ఆమె ట్యూబు పారేస్తుందనుకున్నాను. పారెయ్యలేదు. దొంగను పట్టుకోవాలన్నంత పట్టుదలగా పట్టుకుంది. నడిచేటప్పుడు బొటనవేలితో కొస మూయాలని, నిలబడ్డాక వేలు తీయాలని చెప్పాను. మూడో గీతకల్లా ఆమే నన్ను కసరడం మొదలుపెట్టింది.

"ఉండు. ఇంకా ఊగతాండాది. నీళ్ళు నిలబడినాక గీయ్."

మా నాయన కూడా అంత గట్టిగా పని చేయించలేదు నా చేత. బజారు పొడుగునా గోడ తర్వాత గోడ గీస్తూ పోయాం. మలుపు దగ్గర గీత నా తొడ దాకా వచ్చింది. మా వీధిలో మొదటి ఇంటి దగ్గర నడుము ఎత్తు. తర్వాత రొమ్ము ఎత్తు. వెనక నడుస్తున్నవాళ్ళ నవ్వులు ఎక్కడ ఆగిపోయాయో నేను చూసుకోలేదు. మా ఇంటి తలుపు పక్కన అత్త కొస పట్టుకుని నిలబడింది. నీళ్ళు ఆమె చేతిలోంచి పొర్లబోయాయి. ఇంకా పైకి పట్టమన్నాను. పైకి పట్టింది. ఇంకా పైకి అన్నాను. చివరికి గీత ఆమె తల మీదికి పడింది.

"ఇంకోసారి పెట్టు," అంది.

ఇంకోసారి పెట్టాం. గీత అక్కడే పడింది.

అత్త ట్యూబు కింద పెట్టి, ఆ గీతను చూసింది, ముందున్న మురుగుగుంటను చూసింది. "ఆ ఓవర్సీరుకు మిట్టని సెప్పింది నేనే గదా. బిడ్డకు ఆ బాయి నీళ్ళే గతి సేసింది గూడా నేనే."

ఓదార్చాలనిపించలేదు నాకు. నేనూ అక్కడే నిలబడి నోరు మూసుకున్నదాన్నే కదా. తర్వాత ఆమె, "ఆ కాగితం యాడ?" అంది. తెచ్చాను. మొదటి వేలిముద్ర ఆమే వేసింది. వేసి, అదే నల్లటి వేలితో కాగితం పట్టుకుని గడప గడపకూ పోయింది. నేను వెనక సిరాడబ్బా పట్టుకుని నడిచాను.

"మిట్ట మిట్ట అని మీకందరికీ నూరిపోసిందాన్ని నేనే," అని ప్రతి ఇంటి ముందూ చెప్పింది. "ఇప్పుడు నేనే పల్లమంటాండా. నా తలకాయ మీద గీత పడింది, పోయి సూసుకోండి. ఏలు ఎయ్యి."

కూతురి సంబంధం గురించి భయపడినాయన ఇంకా గొణుగుతుంటే, "నీ కూతురు బతికుంటే గదరా సంబంధం," అంది. ఆయన వేలు వేశాడు. సాయంత్రానికి ఇరవై ఇళ్ళ ముద్రలూ పడ్డాయి.

సోమవారం ఓవర్సీరు జీపు దిగగానే కాగితం ఇచ్చాను. ప్రెసిడెంటు ఏదో చెప్పబోయాడు. నేను ఆయన మాట సాగనివ్వకుండా, "ముందు గోడలు సూడండి సార్," అన్నాను. ఆయన బజారు కొళాయి దగ్గర వంగి మొదటి గీత చూశాడు. అక్కడి నుంచి ఒక్కొక్క గీతా చూసుకుంటూ మా ఇంటి దాకా వచ్చి, తల ఎత్తి ఆఖరి గీత చూశాడు. మట్టం ఎవరు పెట్టారని అడిగాడు. నేనూ మా అత్తా అని చెప్పాను. ఆయన నమ్మలేదు. జీపులోంచి మూడు కాళ్ళ మీద నిలబెట్టే తన దుర్భిణి తెప్పించి, తనే చూసుకున్నాడు. చూసుకుని, నుదురు తుడుచుకుని, "పేరు చూసి రాసేశాను," అన్నాడు చిన్నగా.

"పేరు తాగలేము గద సార్," అంది మా అత్త.

ప్రెసిడెంటు తోట మాట ఎత్తాడు. తోట ప్లానులో లేదని ఓవర్సీరు చెప్పి, పైపులు మా వీధి వైపు తిప్పించాడు. నెల తిరక్కముందే కొళాయి వచ్చింది. పైపు మా ఇంటి ముందుతో అయిపోయింది కాబట్టి మా గడప ఎదుటే దిమ్మె కట్టారు. మొదటిరోజు నీళ్ళు చెంబుతో పట్టి బిడ్డ నోటికి పెట్టాను. గటగటా తాగింది. నేను ఏడ్చాను, ఎవరు చూస్తే ఏమి?

కానీ మురుగుకాలువ మాత్రం వస్తూనే ఉంది. దాని కోసం రెండుసార్లు ఆఫీసుకు పోయాం. వచ్చే ఏడు చూద్దాం అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ప్రెసిడెంటు మొహం చూడాలి.

మరుసటి ఏడు ఎండలు ముదిరాయి. బోరులో నీళ్ళు తగ్గాయి, కరెంటు గంట ఉంటే రెండు గంటలు లేదు. ట్యాంకు సగం కూడా నిండేది కాదు, గంట లెక్క మానేసి ఉన్నన్ని నీళ్ళు వదిలేసేవాళ్ళు. బజారు కొళాయిలో ఉత్త గాలి వచ్చేది. మాకు మాత్రం ధారగా వచ్చేవి. ఎందుకు రావు? ఉన్న కాసిని నీళ్ళూ ముందు పల్లానికే కదా వస్తాయి. మూడోరోజుకు బజారువాళ్ళు బిందెలు పట్టుకుని మలుపు తిరిగి మా వీధిలోకి వచ్చారు. ప్రెసిడెంటు భార్య కూడా వచ్చింది.

మా వీధి ఆడవాళ్ళు కొందరు, ఇవ్వొద్దు, ఒక్క చుక్క ఇవ్వొద్దు అన్నారు. అబద్ధమెందుకు చెప్పాలి, నాకూ అదే అనిపించింది. కొళాయికి అడ్డంగా నిలబడి అత్త వైపు చూశాను.

"నీళ్ళు లేవనే నోరు మనకొద్దు మే," అంది అత్త. "పట్టుకోనీ. వరస నువ్వు పెట్టు."

వరుస నేనే పెట్టాను. ముందు మా వీధి, తర్వాత వాళ్ళు. వీధిలో ఎంతో చోటుంది. అయినా మురుగుగుంట అంచు వెంబడే, కాలువ పొడుగునా, ఒకరి వెనక ఒకరిని నిలబెట్టాను. మిట్టమధ్యాహ్నం దాకా పట్టింది ఆఖరి బిందె నిండడానికి.

ప్రెసిడెంటు భార్య ముక్కు మూసుకుని, "ఈ కంపులో ఎట్ల నిలబడేదమ్మా. వరస ఆ పక్కకు మార్సకూడదా?" అంది.

"ఈ నీళ్ళు మీ ఇంటి నుంచి వచ్చేవే పెద్దత్తా," అన్నాను. "మేము ఇన్నేళ్ళు నిలబడినాము. రవంతసేపు మీరు గూడా నిలబడండి."

ఆమె చేతిలోని ఖాళీ బిందె చూసుకుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వరుసలో నిలబడింది. ఆమె వంతు రాగానే బిందె నిండా పట్టి, నేనే ఎత్తి చంకకు అందించాను.

వారం రోజులు నిలబడ్డారు. ఆ మరుసటి రోజు మా వీధిలోకి ప్రెసిడెంటు పంపించిన రాళ్ళబండ్లు వచ్చాయి. కాలువకు రెండు పక్కలా రాళ్ళు కట్టి, మా వీధి దాటించి, బావికి దూరంగా ఊరి బయటకు తీసుకుపోయారు. ఈసారి మేము అర్జీ రాయలేదు, ఎవరి వేలిముద్రా అడగలేదు. ఆ ఎండాకాలమంతా నేను ఒక్క మనిషికి కూడా నీళ్ళు లేవని చెప్పలేదు. వరుస మాత్రం కాలువ పక్కనే నిలబెట్టాను.